నాన్న పుణ్యానికి నిలబెట్టిన రాయి: వేల్స్‌లో లాంట్‌విట్ మేజర్

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు కదా, లండన్ తిప్పుడు అయిపోయాక వేల్స్ అన్నాం. వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో రెండు రాత్రులు ఉన్నాం. రగ్బీ మ్యాచ్ ఉన్న వారం అయితే రూమ్ రేట్లు చూసి కళ్లు తిరుగుతాయి, డేట్లు చూసుకుని బుక్ చేయండి. మేం దిగిన చోట రూమ్ బాగుంది గానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడో కింద చిన్నక్షరాల్లో రాశారు. అమ్మ మోకాళ్లు నన్ను తిట్టుకున్నాయి.

అక్కణ్ణుంచి పాత శిలువ రాళ్లు చూద్దామని లాంట్‌విట్ మేజర్ అనే చిన్న ఊరికి వెళ్లాం, కార్డిఫ్ నుంచి రైలు ముప్పావుగంట. ఈ స్టేషన్ చాలా ఏళ్లు మూసేసి 2005లో మళ్లీ తెరిచారట. ఆదివారం రైళ్లు తక్కువ, శనివారమే నయం. స్టేషన్ నుంచి నడిచే వెళ్లిపోవచ్చు, కాకపోతే సెయింట్ ఇల్టుడ్ చర్చి పల్లంలో ఉంది, వెళ్లేప్పుడు హాయిగా దిగుతాం, వచ్చేప్పుడు తెలుస్తుంది.

ఇల్టుడ్ దాదాపు 1500 ఏళ్ల కింద ఇక్కడ మఠం, దాంతోపాటు చదువులూ పెట్టిన ఆయన. పాత శిలువ రాళ్లన్నీ చర్చి పడమటి చివర గెలిలీ చాపెల్‌లో పెట్టారు. అది 13వ శతాబ్దపు కట్టడం, శిథిలంగా పడుంటే బాగుచేసి 2013లో తెరిచారు. టికెట్ లేదు, హుండీలాంటి డబ్బా ఉంది, మీ ఇష్టం. వెలుతురు బాగా పడుతుంది, తాళ్లు అల్లినట్టున్న ఆ చెక్కడం దగ్గర నుంచి చూడొచ్చు, మ్యూజియంలో గాజు వెనకాల చూసినట్టు కాదు.

అన్నిట్లో నాకు నచ్చింది హోవెల్ట్ శిలువ. తల చక్రంలా గుండ్రంగా ఉంటుంది, 9వ శతాబ్దం. కింద లాటిన్‌లో, తండ్రి దేవుడి పేరా, పరిశుద్ధాత్మ పేరా హోవెల్ట్ తన తండ్రి రెస్ ఆత్మ కోసం ఈ శిలువ చేయించాడు అని ఉంది. మధ్యలో రావాల్సిన కుమారుడి పేరు, అంటే యేసు పేరు, ఎగిరిపోయింది! లాటిన్ కూడా తప్పులతడకే. చెక్కించింది ఈ ప్రాంతపు పాత రాజ్యం గ్లివిసింగ్‌కి రాజు హవెల్ అప్ రీస్ (రీస్ కొడుకు హవెల్ అని అర్థం) అని చెప్తారు, అంటే రాజుగారి శాసనంలోనే ఇన్ని తప్పులు. నాన్నకి అర్థం చెప్తే "మన శాసనాల్లో తల్లిదండ్రులకు పుణ్యంగా అని రాయిస్తారే, అదే కదరా" అని కళ్లజోడు పైకి తోసి మళ్లీ వంగారు, అమ్మ రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

పక్కనే శాంసన్ అనే మఠాధిపతి నిలబెట్టిన స్తంభం, తన ఆత్మతో పాటు యుథాహెల్ రాజు ఆత్మకీ. దీన్ని 1789లో భూమిలోంచి తవ్వి తీయించింది ఇయోలో మోర్గాన్వగ్, పాత కవుల పేరుతో తనే పద్యాలు రాసి జనాన్ని నమ్మించిన ఘనుడు. అంతకుముందెప్పుడో ఒక భారీ కుర్రాణ్ణి సమాధి గోతిలో పాతుతుంటే రాయి మీద పడి అక్కడే పూడిపోయిందని ఆయన చెప్పిన కథ నమ్మాలో వద్దో గానీ రాయి మాత్రం ఎదురుగా ఉంది. చర్చిలో పాత గోడ బొమ్మలూ ఉన్నాయి, సెయింట్ క్రిస్టఫర్‌ది వదలొద్దు.

ఇలాంటి రాళ్లే మార్గం అనే ఊళ్లోనూ ఉన్నాయి, పాత బడిలో పెట్టారు. పేరు విని నాన్న తెగ నవ్వారు. అక్కడికి కారు లేకపోతే కాస్త కష్టం, తెరిచే రోజులు ముందే చూసుకోవాలి. ఒక్కరోజే ఉంటే నేనైతే లాంట్‌విట్టే అంటాను. సముద్రం అక్కణ్ణుంచి ఒక మైలు, మాకు ఓపిక లేక టీ తాగి రైలెక్కేశాం.