స్టీరింగ్ బిగుసుకుంది కదా అని తాళం పడిందనుకున్నాను, మీరు అనుకోకండి

నిన్న సాయంత్రం గ్యారేజీ నుంచి ఇంటికి వచ్చాను, కారు లేకుండా. కోపం ఇంకా దిగలేదు కాబట్టి వరుస తప్పితే సర్దుకోండి.

కారు ఒకరు వాడినదే. తాళం చెవి జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కగానే స్టార్ట్ అయ్యే రకం. ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను. ‘ప్రతి బండినీ 200 చోట్ల తనిఖీ చేస్తాం’ అని గోడ నిండా రాసుకున్నవాళ్లు, అర్థమైనవాళ్లకు అర్థమవుతుంది. ఆ 200 చోట్లలో స్టీరింగ్ లేదని నాకు ఇప్పుడు తెలిసింది.

కొన్న రోజు నేను అడిగిన తెలివైన ప్రశ్న ఒక్కటే. ‘చెవి పెట్టే కన్నమే లేదు కదా, మరి స్టీరింగ్‌కు తాళం ఎలా పడుతుంది?’ అమ్మినాయన నవ్వి, ఇంజను ఆపి, ‘తిప్పి చూడండి’ అన్నాడు. తిప్పాను. బండరాయిలా ఉంది. ‘చూశారా, దానంతట అదే పడిపోతుంది’ అన్నాడు. నేను తలూపాను. ఆ తలను ఇప్పుడు ఏ గోడకేసి కొట్టుకోవాలో తెలియడం లేదు.

ఎందుకంటే అది తాళం కాదు. కరెంటుతో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉన్న కారు ఏదైనా ఆపేస్తే స్టీరింగ్ చక్రం బరువెక్కుతుంది. తిప్పడానికి సాయం చేసే మోటారు నిద్రపోతుంది, ముందు టైర్ల మొండితనమంతా మన చేతుల మీద పడుతుంది. అంతే. తాళమంటే స్టీరింగ్ కాలమ్‌కు, అంటే చక్రం కింద దానితో పాటు తిరిగే కడ్డీకి, ఉన్న గాడిలోకి ఇనుప గడియ దూరడం. పాత కార్లలో చెవి తీసి చక్రం కాస్త తిప్పగానే ‘టక్’మని పడేది అదే. బటన్ కార్లలో ఆ గడియను చిన్న మోటారు నెడుతుంది, చెవి అసలుదేనని కారు కంప్యూటర్ నమ్మితేనే వెనక్కి లాగుతుంది. గడియ పూర్తిగా వెనక్కి వచ్చిందన్న కబురు అందకపోతే ఇంజను స్టార్ట్ కానే కాదు. సగం దిగిన గడియతో రోడ్డెక్కితే మొదటి మలుపులో ఏమవుతుందో ఊహించుకుంటే ఆ మొండితనం మంచిదే అనిపిస్తుంది.

మొన్న ఉదయం బటన్ నొక్కితే డ్యాష్‌బోర్డు మీద స్టీరింగ్ బొమ్మ వెలిగింది, కారు కదల్లేదు. ముందు టైర్లు గట్టుకు ఆనుకుని గడియ మీద ఒత్తిడి పడితే ఇలా జరుగుతుందని, చక్రాన్ని అటూ ఇటూ ఆడిస్తూ బటన్ నొక్కితే వదులుతుందని విన్నాను. బ్యాటరీ నీరసించినా ఇదే తంతు. బ్యాటరీ ఛార్జ్ చేశాను, చక్రం ఆడించాను. నా బుర్ర వెలగాల్సింది అక్కడే. తాళం వదలడం లేదని మొరపెడుతున్న కారులో చక్రం ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరిగింది. బరువుగానే, కానీ తిరిగింది. అప్పటికీ వెలగలేదు.

గ్యారేజీలో మెకానిక్ స్టీరింగ్ కింది తొడుగు విప్పి, టార్చి వేసి, నన్ను పిలిచాడు. లాక్ ఉండాల్సిన చోట డొల్ల పెట్టె. మోటారు లేదు, గడియ లేదు. పక్కన వైర్ల మధ్య నల్ల టేపు చుట్టిన అగ్గిపెట్టెంత డబ్బా. ఎమ్యులేటర్ అంటారట. కారు కంప్యూటర్ అడిగినప్పుడల్లా ‘గడియ వెనక్కి వచ్చేసింది’ అని చెప్పడమే దాని ఉద్యోగం. లేని గడియ గురించి. అన్ని నెలలు రోజూ అబద్ధమాడి మొన్న పాపం అలసిపోయింది.

ఈ లాక్‌లు చెడిపోవడం వింత కాదట. కొత్తది వేస్తే చాలా కార్లలో దాన్ని కంప్యూటర్‌తో జత కలపాలి, వేరే కారులోంచి ఊడదీసింది పనిచేయకపోవచ్చు. దానికి ఖర్చవుతుంది. డబ్బా చవక. తన కారుకు తెలిసి పెట్టుకున్నవాడి సంగతి వేరు. దాచి ఇంకొకరికి అంటగట్టడం వేరు.

అక్కడి నుంచే కారు అమ్మినాయనకు ఫోటో పంపి ఫోను చేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయినట్టు నటించే మర్యాద కూడా చూపలేదు. తాపీగా అన్నాడు: ‘ఇన్నాళ్లూ అది లేదని మీకు తెలియలేదు కదండీ. మరి మీకు జరిగిన నష్టం ఏమిటి?’

నా నోట మాట రాలేదు. మొదటి సగం నిజం కనుక. ప్రతి రాత్రీ కారు ఆపి, చక్రాన్ని ఒకసారి గుంజి, బిగుసుకుందని తృప్తిపడి వెళ్లి పడుకున్నాను. లేని తాళాన్ని రోజూ సరిచూసుకున్న మనిషిని నేను! నేను అలాగే చేస్తానని ఆయనకు తెలుసు. ‘తిప్పి చూడండి’ అని నేర్పింది ఆయనే.

తేరుకుని మీ తనిఖీ సంగతేమిటని అడిగాను. ‘స్టీరింగ్ లాక్ తాళాల కిందికి వస్తుందండీ.’ మరి తాళాలు? ‘అవి పట్టికలో లేవు.’ అసలు చెవి లేకపోతే ఇంజనును స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఉండగా దొంగ స్టార్ట్ చేయలేడు కదా అని ఒక ఊరడింపు. స్టార్ట్ చేయకుండా తోసుకుపోయేవాడికి, తాడు కట్టి లాక్కుపోయేవాడికి అడ్డం పడేది ఆ గడియే అన్నాను. 1961లోనే పశ్చిమ జర్మనీ కార్లకు తప్పనిసరి చేసిన తాళం అది, సరదాకు పెట్టింది కాదు. చివరికి ఆయన అసలు కాగితం తీశాడు. ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను అని సంతకం చేశారు కదండీ.’ చేశాను. చదవకుండానే చేశాను. ఉన్నది ఉన్నట్టుగా కొన్నాను సరే, లేనిది ఉన్నట్టుగా అమ్మింది ఎవరండీ అని అడిగేలోపు ఫోను పెట్టేశాడు. అప్పటి నుంచి ఎత్తడం లేదు.

కొనబోయేవాళ్లు ఒక్క పని చేయండి. ఇంజను ఆపి డ్రైవర్ తలుపు తెరవండి, చాలా కార్లలో గడియ అప్పుడే పడుతుంది, చిన్న మోటారు చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ తర్వాత చక్రం తిప్పండి. కొద్దిగా తిరిగి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోవాలి. బరువుగా కదులుతూనే ఉంటే తాళం పడలేదు. కొన్ని బటన్ కార్లకు కంపెనీ నుంచే ఈ గడియ ఉండదు, అది మోసం కాదు. మీ కారు ఏ రకమో యజమాని పుస్తకంలో ఉంటుంది. నా కారు పుస్తకం ముందు అరలోనే ఉంది, నిన్న గ్యారేజీలో కూర్చుని మొదటిసారి తెరిచాను.

కొత్త లాక్ రావడానికి రోజులు పడుతుందట. వస్తూ వస్తూ చక్రానికి అడ్డంగా బిగించే ఇనుప కడ్డీ తాళం ఒకటి కొనుక్కొచ్చాను. బల్ల మీద ఎదురుగా ఉంది. ఇన్నాళ్లూ కారు ఉంది, తాళం లేదు. ఇప్పుడు తాళం ఉంది.