పాత కారవాన్ కొంటున్నారా? ట్యాంకు నింపించి, పంపు నడిపించి చూడనిదే అడ్వాన్సు ఇవ్వకండి

విజయవాడ, గుంటూరు ప్రాంతాలలో సెకండ్ హ్యాండ్ కారవాన్ కొనే ఆలోచనలో ఉన్న వారందరికీ ఈ హెచ్చరిక. టెంపో ట్రావెలర్‌లో మంచాలు, వంటగట్టు, సింకు, స్నానాల గది అమర్చిన ఒక వాహనాన్ని మా కుటుంబం విజయవాడలో పాత వాహనాలు అమ్మే ఒక వ్యాపారి దగ్గర కొన్నది. ఇంజను, గేరుబాక్సు, టైర్లు మెకానిక్‌కు చూపించాము. వాటిలో ఏ లోపమూ లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్నో వాహనాలు నీట మునిగిన తరువాత, ఇక్కడ పాత బండి చూసేవారు ముందుగా సీట్ల కింద ఒండ్రు ఉందా, వైర్ల మీద బురద చారలు ఉన్నాయా అని వెతుకుతున్నారు. మేమూ వెతికాము, ఏమీ కనిపించలేదు. ఈ బండిని లోలోపల తినేసినది వరద నీరు కాదు, దాని సొంత ట్యాంకులోని నీరు.

చూపించినప్పుడు ట్యాంకు ఖాళీగా ఉంది. నీళ్లు నింపితే ప్రయాణంలో తొణుకుతాయని, అందుకే పంపు ఫ్యూజు తీసి ఉంచామని వ్యాపారి చెప్పాడు. నేల మీద కొత్త వినైల్ షీటు, సింకు చుట్టూ కొత్త సిలికాన్, లోపల ఘాటైన రూమ్ ఫ్రెషనర్ వాసన. బండి కొన్నాక ట్యాంకు నింపి సూర్యలంక తీరానికి వెళ్లాము. ఆ రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు ఉండి ఉండి గురగురమంటూనే ఉంది. తెల్లవారేసరికి మంచం పక్కన వినైల్ ఉబ్బి, కాలు పెడితే నేల లోపలికి దిగింది. తిరిగి వచ్చి షీటు లేపించగా, ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడి వచ్చింది. లోపలి పొరలు నల్లగా కుళ్లి ఉన్నాయి, కింది ఇనుప ఫ్రేము నుంచి తుప్పు పెచ్చులుగా రాలింది. చెక్క ఒక్క రాత్రిలో ఉబ్బవచ్చునేమో గాని, కుళ్లి నల్లబడటానికి, ఇనుము పెచ్చులుగా లేవటానికి నెలలు పడుతుంది. ఆ కుళ్లు మీదనే కొత్త షీటు అతికించి మాకు అమ్మారన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఇంట్లో గోడలోని పైపు కదలదు. కారవాన్‌లోని పైపు ప్రతి స్పీడు బ్రేకరుకూ, ప్రతి గుంతకూ అదురుతుంది. ఆ అదురుకు క్లాంపులు వదులై, జాయింట్ల దగ్గర బొట్టు బొట్టుగా నీరు కారుతుంది. ఆ బొట్టు వినైల్ కిందికి చేరిందంటే ఆవిరి కావటానికి దారి ఉండదు. నేల వాలు ఎటు ఉంటే అటు పాకుతుంది కనుక, సింకు కింద మొదలైన లీకు మంచం పక్కన బయటపడుతుంది. ఐ.ఎస్. 710 అనే భారతీయ ప్రమాణానికి చెందిన మెరైన్ ప్లైవుడ్ అయితే జిగురు చాలాకాలం నిలుస్తుంది, గాలిలోని తేమను మాత్రమే తట్టుకునే చవకైన ఎం.ఆర్. రకం వాడితే ఇటువంటి తడిని తట్టుకోలేదు. మా బండిలో పరుపు కింది అరలోనే ఇన్వర్టరు, బ్యాటరీ వైర్లు ఉన్నాయి. పిల్లలు నిద్రపోయిన చోటికి అంత దగ్గరగా తడి చేరిందని తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

అందువల్ల వాహనం చూడటానికి వెళ్లే ముందే ట్యాంకు నిండుగా ఉంచమని చెప్పండి. ఈ పంపులు సాధారణంగా 12 వోల్టులవి. కుళాయి తిప్పినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గితే నడుస్తాయి, కట్టేశాక ఒత్తిడి పెరిగితే వాటంతట అవే ఆగుతాయి. అన్ని కుళాయిలూ కట్టించి, ఇంజను ఆపించి, కనీసం అరగంట నిశ్శబ్దంగా కూర్చోండి. ఆ మధ్యలో పంపు మళ్లీ నడిచిందంటే నీరు ఎక్కడో పోతున్నట్టే. పంపులోని వాల్వు పాడైనా ఇలాగే జరుగుతుంది గనుక, అది తేలేదాకా డబ్బు చేతులు మారకూడదు. ఈ పరీక్షలో మురుగు పైపుల లీకు మాత్రం బయటపడదు. దానికి సింకు, స్నానాల గది రంధ్రాలు మూసి, నీళ్లు నింపి, ఒక్కసారిగా వదిలి, టార్చిలైటుతో బండి కింద చూడాలి. స్నానాల గది గుమ్మం, చక్రాల పైన లోపలికి ఉబ్బెత్తుగా ఉండే భాగాల పక్క, సింకు అర మూలలు మడమతోనో బొటనవేలితోనో గట్టిగా నొక్కండి. తేమ కొలిచే చిన్న మీటరు దొరికితే మరీ మంచిది: చెక్కలో తేమ 20 శాతం దాటితే అనుమానించవలసిందే. వినైల్ అంచు ఒకచోట లేపి చూపమని అడగండి, ఒప్పుకోకపోతే ఆ బండిని అక్కడే వదిలేయండి.

బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. సమగ్ర (కాంప్రహెన్సివ్) వాహన బీమా ప్రమాదాలకు, వరదలకు వర్తిస్తుంది గాని, కాలక్రమేణా జరిగిన తరుగుదలకు వర్తించదు. వ్యాపారి దగ్గర కొన్నవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. లోపం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. సొంత బండిని అమ్ముకునే వ్యక్తి దగ్గర కొంటే ఈ దారి దాదాపు ఉండదు, కాబట్టి అక్కడ పరీక్ష ఇంకా కఠినంగా చేయాలి.

నీళ్లు మీరే ఒలకబోసుకున్నారని వ్యాపారి ఇప్పుడు మాతో వాదిస్తున్నాడు. మీకూ ఇదే జరిగితే, షీటు లేపే ముందు నుంచి వీడియో తీయించండి. ఊడదీసిన ప్లైవుడ్ ముక్కలను, తుప్పు పట్టిన మేకులను, వదులైన క్లాంపును సంచిలో వేసి తేదీ రాసి దాచండి. బాగుచేసే మేస్త్రీ చేత తాను చూసినది కాగితం మీద రాయించుకోండి. ఆ తరువాతే మరమ్మతు మొదలుపెట్టించండి.