నెమ్మేలి నీరు, మా బావి నీరు: చెన్నైలో దశాబ్దం పైబడిన వాడకం తర్వాత

దక్షిణ చెన్నై తిరువాన్మియూరులోని మా అపార్ట్‌మెంటులో పైపు నీటితో పాటు వాననీరు దించుకునే పాత బావి, స్నానాల నీటిని వడకట్టి ఫ్లష్ ట్యాంకులకు ఎక్కించే చిన్న ఏర్పాటు ఉన్నాయి. పూండి, పుళల్, చెంబరంబాక్కం వంటి చెరువులనూ, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వచ్చే కృష్ణా జలాలనూ నమ్ముకున్న ఈ నగరంలో 2019 వేసవికి చెరువులు అడుగంటాయి కనుక, ఏ ఏర్పాటు ఎంత పనికొచ్చిందన్నది నేను ఆ వేసవిని బట్టే చెప్పగలను.

2013 నుంచి, నగరానికి దక్షిణాన సముద్రతీరంలో ఉన్న నెమ్మేలి కేంద్రం రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో సముద్రపు నీటిని శుద్ధి చేసి దక్షిణ చెన్నైకి పంపుతోంది. ఉప్పు బోరు నీటిలో ఎన్ని కూతలు వచ్చినా పలుకు విడవని కందిపప్పు ఈ నీటిలో మెత్తగా ఉడుకుతుంది, సబ్బు నురగ వస్తుంది, గీజరు కాయిల్‌కు తెల్లని పొర పట్టదు. రుచి కాస్త చప్పన, అంతే. 2019లో తగ్గుతూనైనా కుళాయిలో నీరు కనిపించిందంటే అది సముద్రం పుణ్యమే. అయితే వెయ్యి లీటర్లకు సుమారు 3, 4 యూనిట్ల కరెంటు మింగే ఈ నీటిని మరుగుదొడ్లలో పోయడం నాకు ససేమిరా నచ్చదు.

బావి విషయం కొంత వివరంగా చెప్పాలి. తమిళనాడులో 2003లోనే ప్రతి భవనానికీ వాననీటి సేకరణ తప్పనిసరి అయింది గానీ, మా భవనంలో ఆ పని చేసిన కాంట్రాక్టరు గుంతలో ఇటుక ముక్కలు పోసి మూత వేసి వెళ్లిపోవడంతో వాన కురిసినప్పుడల్లా నీరంతా వీధిలోకి పొంగేది. తర్వాత నివాసులమే పూనుకుని ఇటుక తీయించి, గులకరాళ్లు, వాటిపై ముతక ఇసుక పరిపించి, మేడ గొట్టాల మూతులకు ఆకులు ఆపే జాలీలు పెట్టించాం. ఈ ఇసుక నేలలో నీరు చూస్తుండగానే ఇంకిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానతో నేలలోని ఉప్పునీటి పైన తేలికైన మంచినీరు పొరగా నిలుస్తుంది. మోటారు అదేపనిగా నడిపితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది కాబట్టి, వేసవిలో వాచ్‌మన్ టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచే చిన్న పరికరం) బావి నీటిలో ముంచి చూసి, అంకె పెరుగుతుంటే స్విచ్ కట్టేస్తాడు. ఆ పాటి క్రమశిక్షణకు ఒప్పుకోని అపార్ట్‌మెంట్లకు బావి ఉన్నా లేనట్టే. (ఈ విషయమై మా సంఘం సమావేశాల్లో జరిగే వాదోపవాదాలు వేరే కథ.)

వడకట్టిన స్నానాల నీటితో చిక్కు వాసన ఒక్కటే. ఫిల్టరును క్రమం తప్పక కడిగితే అదీ ఉండదు. నగరం స్థాయిలో ఇదే పని కొడుంగైయూరు, కోయంబేడు కేంద్రాలు చేస్తున్నాయి. ఒక్కొక్కటి రోజుకు 4.5 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసి మణలి, శ్రీపెరుంబుదూరు వైపు పరిశ్రమలకు పంపగలదు, ఆ మేరకు తాగునీరు ఇళ్లకు మిగులుతుంది. నెమ్మేలిలోనే 2024లో రోజుకు 15 కోట్ల లీటర్ల రెండో కేంద్రం ప్రారంభమైంది. మంచిదే, కానీ నా మటుకు ముందు డబ్బు పెట్టవలసింది మురుగునీటి మీదే.

కొత్తగా ఫ్లాటు కొనేవారు ఫ్లష్‌కు వేరే పైపు లైను ఉందా అని బిల్డరును ముందే అడగాలి. మా వంటి పాత భవనంలో గోడలు పగలగొట్టి రెండో లైను వేయించడానికి అయిన ఖర్చు, ఆ ఫిల్టరు ఖర్చుకంటే ఎక్కువ.