స్టూడెంట్ మైక్రోస్కోప్ రివ్యూ: పసుపు, ఉలవలు, పిడక బూడిద చూడాలంటే ఇది చాలా?

పది వేల లోపు దొరికే మామూలు స్టూడెంట్ కాంపౌండ్ మైక్రోస్కోప్ గురించి ఈ రివ్యూ. కాలేజీ ల్యాబుల్లో ఉండే రకమే, అంబాలా తయారీ, 4ఎక్స్, 10ఎక్స్, 40ఎక్స్, 100ఎక్స్ లెన్సులు, కింద ఎల్‌ఈడీ లైటు. వేల ఏళ్ల కిందటి మనుషులు ఏం తిన్నారో తేల్చడానికి శాస్త్రవేత్తలు కుండ పెంకుల మీద, పంటి గారలో పిండి రేణువులు వెతుకుతారు. గడ్డి జాతి మొక్కల్లో తయారయ్యే ఫైటోలిత్‌లనే సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) రేణువులు వెతుకుతారు. అవి ఎలా ఉంటాయో ఇంట్లోనే కూర్చుని చూడాలని కొన్నాను, కాబట్టి నేను చెప్పేదంతా ఆ పని వరకే.

అసలు విషయం ముందే చెప్పేస్తా, 40ఎక్స్ లెన్సు చాలు. పచ్చి బంగాళాదుంప ముక్కని స్లైడు మీద ఒకసారి రుద్ది, చుక్క నీళ్లు వేసి, పైన కవర్ స్లిప్ అనే పల్చటి గాజు పలక పెట్టి చూడండి. గుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద రేణువులు, ఒక చివర చుక్క, దాని చుట్టూ వలయాలు. ఉలవలు నానబెట్టి పప్పుని కాస్త గీకితే వేరే లోకం, అండాకారపు రేణువుల నడుమ పొడుగ్గా చీలిక ఉంటుంది, మిగతా పప్పుల్లోనూ దాదాపు ఇదే తీరు. బియ్యప్పిండి మాత్రం కష్టం, రేణువు 3 నుంచి 8 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), కోణాలు కోణాలుగా గుంపులుగా ఉంటుంది, ఈ ధరలో వచ్చే లెన్సుకి అది కాస్త మసకే.

నిజంగా కళ్లు తెరిపించేది పోలరైజింగ్ ఫిల్మ్, అంటే ఒకే దిశలో కంపించే వెలుతురుని మాత్రమే పోనిచ్చే పల్చటి రేకు. పెట్టెలో రాదు, విడిగా కొనాలి, పాడైన కాలిక్యులేటర్ స్క్రీన్ మీద నుంచి ఒలిచినదైనా పనిచేస్తుంది. ఒక ముక్క లైటు మీద, ఇంకోటి ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) మీద పెట్టి, పైదాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే వెలుతురంతా పోయి నల్లబడుతుంది, అప్పుడు పిండి రేణువులు మాత్రం తెల్లగా వెలుగుతాయి, ఒక్కోదాని మధ్యలో నల్లటి ప్లస్ గుర్తుతో. అదే దుంపని ఉడకబెట్టి చూస్తే రేణువులు ఉబ్బిపోయి ఉంటాయి, ప్లస్ మాయం. వండిన తిండి ఏది, పచ్చిది ఏది అన్నది చెప్పగలగడం వెనక ఇలాంటి ఆధారాలే ఉన్నాయి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో దొరికిన నియాండర్తల్ (అంతరించిపోయిన పాత మానవ జాతి) పళ్ల గారలో బార్లీ జాతి పిండి రేణువులు దొరికాయని, వాటిలో కొన్ని ఉడికిన లక్షణాలతో ఉన్నాయని 2011లో ప్రచురించారు. ఆ వాక్యం నేను ఎప్పుడో చదివాను గానీ, ఉడికిన దుంపని ఈ లెన్సు కింద పెట్టాకే ఒంటబట్టింది.

పసుపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. హర్యానాలోని ఫర్మానాలో హరప్పా కాలపు కుండల్లోనూ మనుషుల పళ్ల మీదా అల్లం, పసుపు పిండి రేణువుల్ని పురావస్తు పరిశోధకులు అరుణిమా కశ్యప్, స్టీవ్ వెబర్ గుర్తించారు, అంటే నాలుగు వేల ఏళ్లకు పైబడిన మాట. మీరు బజారు పసుపు పొడి వేసి చూస్తే ఆ ఆకారాలు కనబడక నిరాశపడతారు. కొమ్ముల్ని ఉడకబెట్టి ఎండబెట్టాకే పొడి కొడతారు కదా, పిండి అప్పటికే కరిగి ముద్దలై ఉంటుంది. పచ్చి పసుపు కొమ్ము తెచ్చి గీకండి. బల్లపరుపుగా, ఒక చివర సన్నబడి, చుక్క ఆ చివరలోనే ఉన్న రేణువులు కనిపిస్తాయి. అల్లం కూడా దగ్గర దగ్గరగా అలాగే ఉంటుంది. రెంటినీ విడదీసి చెప్పడానికి నిపుణులు ఎంత జాగ్రత్తగా కొలతలు తీసుకుంటారో అప్పుడు తెలుస్తుంది.

ఫైటోలిత్‌లకి ఓపిక కావాలి. మొక్క వేళ్లతో పీల్చుకున్న సిలికా, మొక్క కణాల లోపలా వాటి మధ్యా గట్టిపడి గాజులా మిగిలిపోతుంది, మొక్క కుళ్లినా కాలినా అది పోదు. వరి ఆకు చెయ్యి కోసేది కూడా ఈ సిలికా వల్లే. ఊక బూడిద, పిడక బూడిద రెండూ నీళ్లలో కలిపి, తేలిన నల్ల మసి ఒంపేసి, అడుగున దిగినది స్లైడు మీద వేశాను. ఊకలో జంట కొండల్లాంటి పొడుచుకొచ్చిన ఆకారాలు వరుసగా, పిడక బూడిదలో గేదె మేసిన జొన్న చొప్ప తాలూకు డంబెల్ ఆకారాలు! ఇక్కడ కండెన్సర్ (స్లైడు కింద వెలుతురుని కూడగట్టే లెన్సు) కింద ఉండే ఐరిస్‌ని, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నది పెద్దది చేసే మూతని, బాగా మూయాలి, లేకపోతే వెలుతురులో ఏమీ ఆనదు. నీళ్లలోనే చూడండి, గ్లిజరిన్‌లో అంచులు సరిగా కనబడవు.

పిడక బూడిద ఎందుకంటే, మక్తల్ దగ్గర ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ నవీన శిలాయుగపు పశుపాలకులు పేడ కుప్పలు కాల్చగా మిగిలినదే, అందులో పశువుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. పేడలో మిగిలిన గడ్డి ఆనవాలు ఎంత పాతదైనా ఉండొచ్చు. ఆదిలాబాద్‌కి పక్కనే ఉన్న చంద్రపూర్ జిల్లా పిస్దురాలో శిలగా మారిన డైనోసార్ పేడలో గడ్డి ఫైటోలిత్‌లు ఉన్నాయని లక్నో బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్ బృందం 2005లో చూపించింది. డైనోసార్ల కాలంలో గడ్డే లేదనుకునేవాళ్ల అభిప్రాయం ఒక పేడ ముక్కతో మారిపోయింది! నాకు ఈ సబ్జెక్టు అంటే ఇంత ఇష్టం ఎందుకో ఇంకేం చెప్పను.

ఇక లోపాలు. స్లైడుని జరిపే స్టేజి మరలు వదులు, ఒక మంచి రేణువు దొరికాక మళ్లీ దాన్ని పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. ఐపీస్‌లో స్కేలు లేదు, సైజు తెలియకపోతే గుర్తింపు సగమే, కాబట్టి స్కేలున్న ఐపీస్, దాన్ని సరిచూసుకోవడానికి సన్నటి కొలతగీతలున్న స్లైడు (స్టేజి మైక్రోమీటర్) తప్పక కొనుక్కోవాలి. నూనె చుక్క వేసి వాడే 100ఎక్స్ ఆయిల్ లెన్సు ఈ పనికి దండగ. దుకాణం వాళ్లు అంటగట్టే ఐపీస్ కెమెరా కూడా వద్దు, ఫోన్ పెట్టి తీస్తే ఫొటో అంతకన్నా బాగుంది.

ఇంకో జాగ్రత్త, వంటింట్లో పెట్టకండి. గాల్లో తేలే పిండి, పౌడర్ పూసిన గ్లౌజుల్లోని మొక్కజొన్న పిండి అన్నీ స్లైడు మీదికొస్తాయి, పెద్ద ల్యాబుల్నే ఈ సమస్య ఇబ్బంది పెడుతుంది. ప్రతిసారీ ఏమీ వేయని ఖాళీ స్లైడు ఒకటి పోల్చడానికి పక్కన పెట్టుకుని చూడండి. యాసిడ్ పోసి శుభ్రం చేసే పద్ధతులు ఇంట్లో వద్దు.

ఐదుకి నాలుగు ఇస్తాను. హైస్కూల్ సైన్స్ టీచర్లు కొంటే పిల్లలకి ఏడాది పొడుగునా పని ఉంటుంది. కొనేముందు లైటు మీద ఫిల్టర్ పెట్టుకునే రింగు ఉందో లేదో మాత్రం అడగండి, కొన్ని మోడళ్లకి ఉండదు.