నాలుగేళ్లకు పైగా ఈమ్యాక్సే నా డెస్క్‌టాప్: ఈఎక్స్‌డబ్ల్యూఎం వాడకం మీద నా మాట

పొద్దున లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే నాకు కనిపించేది ఖాళీ ఈమ్యాక్స్ తెర ఒక్కటే. ఈమ్యాక్స్ అంటే కోడ్, నోట్సు రాసుకునే టెక్స్ట్ ఎడిటర్. కింద టాస్క్‌బార్ ఉండదు, ఐకాన్లు ఉండవు, విండో మూలన మూసే గుర్తు కూడా ఉండదు. 2021 ఏప్రిల్‌లో ఇంటి నుంచి పని మొదలైనప్పుడు ఇలా పెట్టుకున్నాను, ఇప్పటికీ ఇదే వాడుతున్నాను. అనంతపురం సాయినగర్‌లో మా ఇంటి మేడ మీది గదిలో కూర్చుని, బెంగళూరు కంపెనీ ఒకదానికి సర్వర్లు చూసుకోవడం నా పని. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ మీదే ఇన్నాళ్లూ నడిపాను. ఇన్నేళ్లు వాడాక దీని గురించి వివరంగా చెప్పాలనిపించింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లినక్స్‌లో విండోలను ఎక్కడ పెట్టాలి, ఏది ముందు ఉండాలి, కీబోర్డు ఎవరికి అందాలి అని చూసే ప్రోగ్రామ్ వేరేగా ఉంటుంది. దాన్నే విండో మేనేజర్ అంటారు. ఈఎక్స్‌డబ్ల్యూఎం (ఈమ్యాక్స్ ఎక్స్ విండో మేనేజర్) వాడితే ఆ పని ఈమ్యాక్సే చేస్తుంది. క్రిస్ ఫెంగ్ అనే ఆయన 2015లో దీన్ని మొదలుపెట్టారు. లినక్స్‌లో విండోలను తెర మీద చూపించే ఎక్స్ సర్వర్‌తో మాట్లాడే భాషనంతా ఈమ్యాక్స్ సొంత ప్రోగ్రామింగ్ భాష ఈమ్యాక్స్ లిస్ప్‌లోనే రాసి, దాని మీద దీన్ని కట్టారు. ఈమ్యాక్స్ ప్యాకేజీలు ఉండే గ్నూ ఎల్పాలో దొరుకుతుంది. లాగిన్ కాగానే డెస్క్‌టాప్‌కు బదులు ఈమ్యాక్స్ లేచేలా చిన్న ఫైలు ఒకటి రాసుకుంటే చాలు.

నన్ను కట్టిపడేసిన సంగతి ఒకటుంది. ఇందులో ప్రతి విండో ఒక బఫర్, అంటే ఈమ్యాక్స్‌లో తెరిచిన ఫైలు లాంటిది. ఫైర్‌ఫాక్స్ ఒక బఫర్, పీడీఎఫ్ ఒక బఫర్, టెర్మినల్ ఒక బఫర్, నేను రాసుకునే నోట్సు ఇంకో బఫర్. ఫైలు మార్చడానికి పదేళ్లుగా వేళ్లకు అలవాటైన కంట్రోల్-ఎక్స్ బి తోనే బ్రౌజర్‌కు కూడా పోతాను. రాత్రి రెండు గంటలకు సర్వర్ అలారం మోగితే నిద్రమబ్బులోనే కూర్చుంటాను. రెండు అక్షరాలు కొడితే గ్రాఫ్‌లున్న పేజీ, మళ్లీ రెండు కొడితే లాగ్, కంట్రోల్-ఎక్స్ 3 తో రెండూ పక్కపక్కన. మౌస్ కోసం చెయ్యి కదపను, ఆల్ట్-ట్యాబ్ కొడుతూ ఏది ఎక్కడుందో వెతుక్కోను. పనైపోయాక కంట్రోల్-ఎక్స్ కె నొక్కితే బ్రౌజరే మూసుకుపోతుంది. వర్క్‌స్పేస్ (విడిగా పెట్టుకునే పని తెర) అంటే ఇక్కడ ఒక ఈమ్యాక్స్ ఫ్రేమ్, అంటే ఈమ్యాక్స్ పెద్ద విండో, అంతే.

ఇది సాఫీగా నడవాలంటే మొదటి రోజే ఒక పని చేసుకోవాలి. మామూలుగా వదిలేస్తే విండో బఫర్లన్నిటికీ ఈఎక్స్‌డబ్ల్యూఎం అనే పేరే వస్తుంది, పక్కన ఒక అంకె చేరుతుంది. పదింటిలో ఏది ఏదో తెలియదు. విండో టైటిల్ మారినప్పుడల్లా మన కోడ్‌ను నడిపే హుక్ ఒకటి ఉంది, బఫర్ పేరు మార్చమని దానికి నాలుగైదు వరుసలు రాస్తే చాలు. అది రాసుకోకుండానే విసుగొచ్చి వదిలేసినవాళ్లను చూశాను, వాళ్లను తప్పు పట్టలేం.

కీల అనువాదం ఇంకో మేలు. ఈమ్యాక్స్‌లో కంట్రోల్-డబ్ల్యూ అంటే కత్తిరించడం, బ్రౌజర్‌లో అదే కీ ట్యాబును మూసేస్తుంది. దీనికి మారకముందు మా నాయన పెన్షన్ ఫారం నింపుతూ, ఒక వాక్యం కత్తిరించబోయి పేజీ మొత్తం పోగొట్టుకున్నాను. అప్పటికి అరగంట కష్టం. ఇందులోనైతే ‘సిమ్యులేషన్ కీస్’ అని ఒక పట్టీ రాసుకుంటాం. నేను కంట్రోల్-డబ్ల్యూ కొడితే బ్రౌజర్‌కు కంట్రోల్-ఎక్స్ అందుతుంది, కంట్రోల్-ఎన్ కొడితే కింది బాణం అందుతుంది. ఇది పనిచేసేది లైన్ మోడ్‌లో, అంటే కీలను ముందు ఈమ్యాక్స్ చూసే పద్ధతిలో. కీలన్నీ నేరుగా యాప్‌కే పోవాలంటే కంట్రోల్-సి కంట్రోల్-కె నొక్కి క్యారెక్టర్ మోడ్‌లోకి పోవాలి. మొదటి నెలంతా ఇప్పుడు ఏ మోడ్‌లో ఉన్నానో చూసుకోవడానికే సరిపోయింది.

తెలుగు రాసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఈమ్యాక్స్‌లో తెలుగు టైపింగ్ పద్ధతులు ముందే ఉంటాయి, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఐట్రాన్స్ నేను వాడతాను. ఎక్స్‌ఐఎం అనే భాగాన్ని ఆన్ చేసి, లాగిన్ ఫైలులో మూడు నాలుగు వరుసలు చేరిస్తే అదే పద్ధతి బ్రౌజర్‌లోనూ పనిచేస్తుంది. కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కి కె, ఎ, పెద్ద డి, ఎ, పి, ఎ అని కొడితే ‘కడప’ అని పడుతుంది. ఫైలులో రాసినా, బ్రౌజర్‌లో ఉత్తరం రాసినా వేళ్లకు ఒకే లెక్క. దీనికోసం వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోలేదు.

ఇక కష్టం సంగతి. ఈమ్యాక్స్ ఒకసారికి ఒక పనే చేస్తుంది. ఎడిటర్‌గా వాడేటప్పుడు అది కాసేపు ఆగితే పక్క విండోకు పోయి పని చూసుకోవచ్చు. ఇక్కడ పక్క విండోకు తీసుకుపోవాల్సింది కూడా అదే. 2022 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన మొదలైంది. నేను ట్రాంప్ అనే ఈమ్యాక్స్ సదుపాయంతో దూరాన ఉన్న సర్వర్‌లో ఒక ఫైలు తెరిచి సేవ్ చేస్తున్నాను. కరెంటు పోయింది, రూటర్ ఆగింది, లాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. మౌస్ బాణం కదులుతోంది గానీ ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఈమ్యాక్స్ అడుగున ఉండే మోడ్‌లైన్‌లో గడియారం 6:42 దగ్గర నిలిచిపోయింది. నా ఫోన్‌లో 6:44 అయ్యింది, 6:45 అయ్యింది. చేస్తున్న పని ఆపమనే కంట్రోల్-జి ఎన్నిసార్లు కొట్టానో లెక్కలేదు. అప్పటికే సర్వర్ సగం మార్పుతో ఉంది, నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. చివరికి కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3 తో నల్ల తెరకు పోయి, ఈమ్యాక్స్‌కు యూఎస్ఆర్2 సిగ్నల్ పంపితే అది చేస్తున్న పని వదిలేసి డీబగ్గర్‌లోకి వచ్చింది. ఏ ఫైలూ పోలేదు. ఆ సిగ్నల్ సంగతి తెలియకపోయుంటే ఈమ్యాక్స్‌ను చంపేసేవాణ్ణి. దాన్ని చంపితే ఎక్స్ సెషన్ ముగిసిపోతుంది, తెరిచున్న ప్రతి యాప్ దాంతో పాటే పోతుంది.

ఆ రోజు నుంచి నా ఏర్పాటు మారింది. సర్వర్ ఫైళ్ల కోసం రెండో ఈమ్యాక్స్‌ను వేరే ప్రాసెస్‌గా, మామూలు యాప్ లాగా తెరుస్తాను. మొదటి ఈమ్యాక్స్‌కు అది కూడా ఒక బఫరే. నెట్ పోతే ఆగేది ఆ రెండోదే, డెస్క్‌టాప్ ఆగదు. కీలు కలిసిపోకుండా దాన్ని క్యారెక్టర్ మోడ్‌లో ఉంచుతాను. వీడియో కాల్‌కు కూడా క్యారెక్టర్ మోడే. ఈమ్యాక్స్ ఏదో పనిలో ఉన్నా మైకు ఆపే కీ కాల్ యాప్‌కు అందుతుంది. ఇలా పెట్టుకున్నాక తెర మొత్తం బిగుసుకుపోయిన సందర్భాలు ఏడాదికి ఒకటో రెండో.

ఫైళ్లను రహస్యంగా దాచే జీపీజీ, పాస్‌వర్డ్ కోసం తెరిచే పిన్‌ఎంట్రీ అనే చిన్న విండోతోనూ చిక్కుంది. పాస్‌వర్డ్ కోసం ఈమ్యాక్స్ ఎదురుచూస్తుంటుంది, ఆ విండోను తెర మీద పెట్టాల్సిందీ ఈమ్యాక్సే. రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయి. పిన్‌ఎంట్రీని లూప్‌బ్యాక్‌కు మారిస్తే పాస్‌వర్డ్‌ను ఈమ్యాక్స్ అడుగు వరుస మినీబఫర్‌లోనే అడుగుతుంది, గొడవ తీరుతుంది.

ఇంట్లో వాళ్లకు మాత్రం ఇది అస్సలు కుదరదు. మా అక్క కూతురు హాల్‌టికెట్ ప్రింట్ తీసుకోవడానికి వచ్చి నా కుర్చీలో కూర్చుంది.

“మామా, దీన్ని మూసేది యాడుంది?”

“కంట్రోల్ పట్టుకోని ఎక్స్ నొక్కల్ల తల్లీ, ఆమీద వదిలేసి కె.”

“నువ్వే నొక్కు మామా, నాకు భయమైతాంది. యాడన్నా నా హాల్‌టికెట్ పోతాదేమో.”

పాపం, పరీక్ష ముందు రోజు ఆ పిల్లకు ఈ తిప్పలెందుకు? ఆ సాయంత్రమే మామూలు డెస్క్‌టాప్‌తో రెండో అకౌంట్ తెరిచాను. నాయన పేపర్ చదువుకునేది కూడా ఇప్పుడు అందులోనే.

రెండో మానిటర్ తగిలించడం కొంచెం పని. ఏ వర్క్‌స్పేస్ ఏ మానిటర్ మీద ఉండాలో రాసుకోవాలి, ఒకసారి రాస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఒకే బ్రౌజర్ విండోను రెండు చోట్ల చూపించలేం. బఫర్ అనగానే మామూలు ఫైలు లాగా రెండు వైపులా తెరవొచ్చు అనుకుంటాం గానీ, ఎక్స్ విండో ఒక్కటే కాబట్టి ఒక్కచోటే కనిపిస్తుంది.

నాకున్న పెద్ద దిగులు వేలాండ్, అంటే ఎక్స్ స్థానంలో వస్తున్న కొత్త ఏర్పాటు. లినక్స్ డెస్క్‌టాప్‌లు ఒక్కొక్కటే అటు మారుతున్నాయి, ఈఎక్స్‌డబ్ల్యూఎం మాత్రం పాత ఎక్స్ (ఎక్స్11) మీదే నడుస్తుంది. ఈమ్యాక్స్‌ను కూడా ఎక్స్ కోసం కట్టిందే వాడాలి, వేలాండ్ కోసం కట్టే పీజీటీకే రకం పనికిరాదు. మధ్యలో కొన్నేళ్లు కొత్త వెర్షన్లు అరుదుగా వస్తుంటే ఇక అయిపోయిందేమో అనుకున్నాను. 2024లో కొత్తవాళ్లు బాధ్యత తీసుకున్నారు, మళ్లీ విడుదలలు చురుగ్గా వస్తున్నాయి. ఆ వార్త చూసిన రోజు నిజంగా సంతోషం వేసింది.

ఈమ్యాక్స్ రానివాళ్లు దీని జోలికి పోవద్దు. ఎడిటర్ నేర్చుకోవడం, డెస్క్‌టాప్ నేర్చుకోవడం రెండూ ఒకేసారి మీద పడితే తట్టుకోవడం కష్టం. రోజంతా ఈమ్యాక్స్‌లోనే ఉండి, బ్రౌజర్‌కు పోయినప్పుడల్లా చెయ్యి తడబడేవాళ్లు మాత్రం తప్పకుండా చూడండి. ఉన్న డెస్క్‌టాప్‌ను తీసేయకుండానే జెఫిర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక విండోలో దీన్ని నడిపి చూడొచ్చు, నేనూ వారం రోజులు అలాగే చూశాను. బఫర్ పేరు మార్చే హుక్, సిమ్యులేషన్ కీలు, పిన్‌ఎంట్రీ లూప్‌బ్యాక్, ఈ మూడూ అక్కడే సరిచేసుకోండి. యూఎస్ఆర్2 సిగ్నల్ పంపే కమాండ్‌ను మాత్రం కాగితం మీద రాసి పెట్టుకోండి. నాది ఇప్పటికీ గోడకే అంటించి ఉంది.