వియత్నాం ఈ-వీసా: నాలుగుసార్లు తీసుకున్నాక నా మాట

2019 నుంచి ఇప్పటికి నాలుగుసార్లు వియత్నాం టూరిస్ట్ ఈ-వీసా తీసుకున్నాను. ఒకసారి తప్పుడు సైటులో, ఒకసారి ఏజెంటు ద్వారా, రెండుసార్లు సొంతంగా. అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఆ పోయిన ఒక్క మార్కు గురించే ఎక్కువ చెప్పాలి.

మొదటిసారి గూగుల్‌లో 'వియత్నాం వీసా' అని కొట్టి, అన్నిటికంటే పైనొచ్చిన లింకు నొక్కాను. ఎర్ర జెండా, పసుపు నక్షత్రం, సర్కారు ముద్రలాంటిదొకటి. ఇంకేం అనుమానం వస్తుంది? ఫారమంతా నింపాక 79 డాలర్లు చూపించింది. ఇంతే కాబోలు అనుకుని కట్టేశాను. వీసా వచ్చింది, అసలుదే. తర్వాత తెలిసిందేమిటంటే సర్కారు ఫీజు 25 డాలర్లే. మిగతాదంతా నేను నింపిన వివరాలను ఇంకో ఫారంలోకి ఎక్కించినందుకు కూలి! డబ్బు సంగతి అలా ఉంచండి. పాస్‌పోర్టు పేజీ, ఫొటో, కార్డు నంబరు ఎవరి చేతిలో పెట్టానో తెలియకపోవడమే చాలా రోజులు గుచ్చింది. ఆ కార్డు బ్లాక్ చేయించేశాను. ఇప్పుడు అడ్రసు చివర 'డాట్ గవ్ డాట్ విఎన్' ఉందో లేదో చూడందే ఒక్క అక్షరం టైప్ చేయను. థాయ్‌లాండ్, మలేషియాల్లో దిగడానికి ముందే ఆన్‌లైన్‌లో నింపాల్సిన వివరాల ఫారాలు, అదే అరైవల్ కార్డులదీ ఇదే కథ. అవి పూర్తిగా ఉచితం, అయినా డబ్బులడిగే సైట్లు కనిపిస్తూనే ఉంటాయి.

ఒకప్పుడు ఈ వీసా 30 రోజులకే, అదీ ఒక్కసారి అడుగుపెట్టడానికే ఇచ్చేవారు. 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. సింగిల్ ఎంట్రీకి 25, మల్టిపుల్‌కి 50 డాలర్లు. ఇక్కడే నేను దెబ్బ తినబోయాను. హనోయ్‌లో దిగి, మధ్యలో కంబోడియా వెళ్లి అంగ్‌కోర్‌వాట్ చూసి, మళ్లీ వియత్నాంలోని సైగాన్ వచ్చి అక్కణ్నుంచి తిరుగు ప్రయాణం అని ప్లాన్. సింగిల్ ఎంట్రీ మీద టిక్కు పెట్టేశాను కూడా. దేశం దాటి మళ్లీ వస్తున్నామన్న సంగతి డబ్బు కట్టే ముందు మా తమ్ముడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

అసలు గండం పేరు దగ్గర. అమ్మకి ఆధార్‌లో, బ్యాంకులో అంతటా ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో మాత్రం పూర్తిగా ఉంది. అలవాటు కొద్దీ నేను ఆ ఒక్క అక్షరమే కొట్టి ఫీజు కట్టేశాను. ఆ తర్వాత సరిదిద్దే దారి నాకు దొరకలేదు. ఫీజేమో వాపసు ఇవ్వరు. మళ్లీ కొత్త దరఖాస్తు, మళ్లీ 25 డాలర్లు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి కదా, పై వరుసలో దేశం కోడు తర్వాత ఇంటిపేరు, రెండు బాణాలు, ఆ తర్వాత పేరు వస్తాయి. దాన్ని చూసి అక్షరం అక్షరం దించుతాను, పక్కన ఇంకొకరు చదువుతుంటారు. హనోయ్ ఇమిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసరు అమ్మ ఇంటిపేరు కింద పెన్ను పెట్టి ప్రింటుతో పోల్చి చూస్తుంటే నాకు గుండె దడదడలాడింది. అమ్మ మాత్రం ఆయన్ని చూసి నవ్వుతూ నిలబడింది.

మూడు పని దినాల్లో వస్తుందంటారు. నాకు ఒకసారి మూడో రోజే వచ్చింది, ఇంకోసారి ఆరు రోజులు పట్టింది. శని, ఆదివారాలు లెక్కలోకి రావు. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే టెట్ పండక్కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, ఆఫీసులు మూతపడతాయి. ఆ రోజుల్లో టికెట్ కొనేసి వీసా కోసం కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఏజెంటు సంగతికొస్తే, పని చేశాడు, కాదనను. కానీ అందరి పాస్‌పోర్టులూ వాట్సాప్‌లో పంపమన్నాడు. "తర్వాత యూరప్‌కి వెళ్తే డమ్మీ హోటల్ బుకింగ్ నేనే చేసి పెడతా సార్" అని కూడా అన్నాడు. ఆ మాటతోనే అతనికి నమస్కారం పెట్టాను. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి 90 యూరోల ఫీజు, 30,000 యూరోల కవరేజీతో ఇన్సూరెన్సు, వేలిముద్రలు, అదంతా వేరే లోకం. అక్కడ దొంగ కాగితం దొరికితే వీసా రాకపోవడంతో ఆగదు.

మార్చిలో పెద్దమ్మ వాళ్లు కూడా వియత్నాం వెళ్దామంటున్నారు. ఫారం తెరిచే ముందు పాస్‌పోర్టు అడిగి చూశాను. గడువు జులైతో సరి, వెళ్లేనాటికి ఉండాల్సిన ఆరు నెలలు కూడా లేదు. కాబట్టి ముందు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రెన్యువల్‌కి స్లాటు బుక్ చేశాను. పెద్దమ్మకి మాత్రం ఫొటో మళ్లీ దిగాల్సి వస్తుందనే దిగులు.