కోతకు ముందు కుండీలు కడగాలా? ఎనిమిది పంటల తరువాత నా అనుభవం

కెనడాలో గంజాయి చట్టం 2018 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. మేముండే ఒంటారియోలో 19 ఏళ్ళు నిండినవారు సొంత వాడకం కోసం ఇంటికి నాలుగు మొక్కలకు మించకుండా పెంచుకోవచ్చు. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల (ఎన్.డి.పి.ఎస్.) చట్టం కింద అనుమతి లేని సాగు నేరం కనుక, నేను రాస్తున్నదంతా ఇక్కడి పరిస్థితికే వర్తిస్తుందని ముందే చెప్పుకోవాలి. మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక గ్రో టెంట్ (దీపాల వెలుగులో మొక్కలు పెంచే గుడారం) పెట్టుకొని, కొబ్బరి పొట్టు నింపిన 15 లీటర్ల కుండీల్లో 2019 చివరి నుంచి 2024 దాకా ఎనిమిది పంటలు తీశాను. ఈ సమీక్ష ఆ పంటలన్నిటి గురించి కాదు. కోతకు ముందు కుండీలను కడిగే పద్ధతి, అంటే పెంపకందారులు ‘ఫ్లష్’ అని పిలిచేది, ఆ శ్రమకు తగిన ఫలితం ఇస్తుందా అన్న ఒక్క ప్రశ్న గురించి.

పద్ధతి తెలియనివారి కోసం రెండు మాటలు. కోతకు వారం నుంచి రెండు వారాల ముందు ఎరువు పూర్తిగా ఆపేసి, కుండీ పరిమాణానికి మూడింతల వట్టి నీళ్ళు పోసి అడుగు నుంచి పారనిస్తారు. ఆ తరువాత కోత దాకా నీళ్ళే పోస్తారు. ఇలా చేస్తే మొక్కలో పేరుకొన్న ఎరువు లవణాలు బయటికి పోతాయని, పొగ గొంతును గీరదని, బూడిద తెల్లగా వస్తుందని నమ్మకం. నేను సాగు మొదలుపెట్టిన రోజుల్లో ఈ మాటను కాదన్నవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

మొదటి మూడు పంటలకు చెప్పినది చెప్పినట్టే చేశాను. 15 లీటర్ల కుండీకి మూడింతలంటే 45 లీటర్లు. నాలుగు కుండీలకు 180 లీటర్ల నీళ్ళు బకెట్లతో మోయాలి, మళ్ళీ అంత మురుగునీటినీ ఎత్తి పోయాలి. నడుము సంగతి అటుంచితే, అన్ని నీళ్ళు ఒక్కసారిగా పోసిన రోజు టెంట్‌లో తేమ అమాంతం పెరిగేది. మూడో పంటలో పెద్ద పూగుత్తి ఒకటి లోపల బూడిదరంగు బూజు పట్టి పోయింది. దానికి ఫ్లషే కారణమని నిరూపించలేను గాని, కోతకు పది రోజుల ముందు చిక్కటి పూగుత్తుల మధ్య తేమ పెంచడం బూజును పిలిచి పీట వేయడమే. ఈ పని కోసమే అమ్మే ఫ్లషింగ్ ద్రావణం ఒకటి కూడా కొని రెండు పంటలకు వాడాను. వట్టి నీళ్ళతో కడిగిన మొక్కకూ, ఆ ద్రావణంతో కడిగిన మొక్కకూ తేడా నా కంటికిగాని నాలుకకుగాని అందలేదు.

నాలుగో పంట నుంచి పద్ధతి మార్చాను. ఒకే తల్లి మొక్క నుంచి నాలుగు కొమ్మలు వేరు పట్టించి, రెండింటిని కోతకు 14 రోజుల ముందు కడిగి, మిగిలిన రెండింటికి ఆఖరి రోజు దాకా ఎప్పటి ఎరువే ఇస్తూ వచ్చాను. నాలుగు పంటలు ఇలాగే నడిచాయి. కడిగిన కుండీల అడుగు నుంచి పారే నీటి ఈసీ, అంటే నీటిలో ఎంత లవణం కరిగి ఉందో చెప్పే విద్యుత్ వాహకత కొలత, 2.4 నుంచి 0.5 దాకా పడిపోయేది. వారం తిరిగేసరికి ఆకులు పసుపు తిరిగి, చూడటానికి మొక్క చక్కగా పండినట్టు ఉండేది. దిగుబడిలో మాత్రం కడిగిన జంటకూ కడగని జంటకూ మధ్య వచ్చిన తేడా, ఒకే జంటలోని రెండు మొక్కల మధ్య ఉండే తేడాను ఎప్పుడూ దాటలేదు. రుచి సంగతి తేల్చడానికి ఎండబెట్టి మాగబెట్టిన పూలను అంకెలు మాత్రమే వేసిన సీసాల్లో పెట్టి, ఏ అంకె ఏ మొక్కదో మా ఆవిడ దగ్గర రాసి ఉంచి, నాతో కలిపి నలుగురం వేరువేరు రోజుల్లో చూశాం. కడిగినది ఏదో నిలకడగా గుర్తుపట్టగలిగినవారు లేరు. కడగని సీసాకే ఎక్కువ మార్కులు వేసినవారిలో ఫ్లష్‌ను గట్టిగా సమర్థించే మిత్రుడొకాయన ఉన్నారు. ఆయన ఇప్పటికీ కడుగుతూనే ఉన్నారు.

ఫలితం ఇలా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే ఆశ్చర్యపోవలసిందేమీ లేదు. కుండీని కడగగలం గాని మొక్కను కడగలేం. వేరు పీల్చిన నీరు కాండం గుండా పైకి పోయి ఆకుల నుంచి ఆవిరవుతుంది. దారిలో ఉన్న లవణాలను మూటగట్టుకొని కిందికి దిగి రాదు. పూగుత్తిలో ఉన్న నత్రజనిలో అధిక భాగం అప్పటికే మాంసకృత్తులుగా, పత్రహరితంగా మారి కణాల్లో కుదురుకొని ఉంటుంది. ఎరువు ఆగినప్పుడు ముదురు ఆకులు పసుపుబారడానికి కారణం, వాటిలోని నత్రజని, భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం అక్కడి నుంచి కదిలి లేత భాగాలకు, అంటే మనం కోసుకోబోయే పూలకే చేరడం. శుభ్రపడుతున్నదని మురిసిపోతూ మనం చూసే పసుపు రంగు, నిజానికి సరుకు ఒక గదిలోంచి పక్క గదిలోకి మారుతున్నదనడానికి గుర్తు. కొబ్బరి పొట్టు విషయంలోనైతే కుండీని కడగడమూ పూర్తిగా జరగదు. పొట్టుకు అంటుకొని ఉన్న పొటాషియం, కాల్షియం వట్టి నీటికి సులువుగా ఊడిరావు, పారే నీటి ఈసీ ఎంత తగ్గినా సరే.

అయితే ఈ నమ్మకం శుద్ధ అబద్ధం నుంచి పుట్టిందనీ అనలేను. నీటిలో పెంచే లెట్యూస్ వంటి ఆకుకూరల్లో కోతకు కొన్ని రోజుల ముందు నత్రజని తగ్గిస్తే ఆకులో నైట్రేటు తగ్గుతుంది. ఐరోపాలో లెట్యూస్‌కు, పాలకూరకు నైట్రేటు పరిమితులు ఉన్నాయి కాబట్టి అక్కడ ఇది లెక్కలోకి వచ్చే విషయం. పచ్చి ఆకును తినే పంటకు చెల్లే ఆ మాటను, ఎండబెట్టి మాగబెట్టే పూవుకు తెచ్చి అతికించడం దగ్గరే చిక్కు వచ్చింది.

బూడిద రంగు సంగతికి వస్తే, నేను ప్రకాశం జిల్లా పొగాకు రైతు ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆకు ఎలా కాలుతుందన్నది మా ఇంట్లో అన్నం ముందు మాట్లాడుకొనే విషయం. వర్జీనియా పొగాకులో క్లోరైడ్ పెరిగితే ఆకు సరిగా కాలదు, చేతిలోనే ఆరిపోతుంది, 1.5 శాతం దాటితే కొనేవాడు ముఖం చిట్లిస్తాడు. అందుకే ఉప్పుబావుల నీరు పెట్టరు, పొటాష్ కావాలంటే క్లోరైడ్ ఉండే మ్యూరియేట్ వేయకుండా సల్ఫేట్ వేస్తారు. ఆకు పండాలంటే నత్రజనిని మొదట్లోనే ఇచ్చి ఆఖరుకు చేను ఆకలిగొనేలా చూస్తారు. చేను ఎరువు మీద ఉండగానే కోసిన పచ్చి ఆకు బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, రంగు తిరగదని మా నాన్నగారు అనేవారు. ఇంతటి జాగ్రత్తలో కూడా, కోతకు ముందు చేనును నీళ్ళతో కడగాలన్న రైతును నేను చూడలేదు. మంట తీరును నిర్ణయించేది పెరిగినంత కాలం ఆకులో చేరిన లవణాల పాళ్ళు, ఆ తరువాత ఆరబెట్టిన విధానం. యాదృచ్ఛికమో ఏమో, నేనుండే చోటుకు దగ్గరలోనే ఉన్న ఒంటారియో పొగాకు సీమకు నడిబొడ్డు ఊరి పేరు కూడా ఢిల్లీయే. అక్కడి పాత బ్యారన్లు చూసినప్పుడల్లా మా ఊరు గుర్తొస్తుంది.

నా నాలుగు కుండీల లెక్కను ఎవరూ శాస్త్రం అనుకోనక్కరలేదు. 2019లో కొలరాడోకు చెందిన ఆర్ఎక్స్ గ్రీన్ టెక్నాలజీస్ అనే ఎరువుల కంపెనీ 0, 7, 10, 14 రోజుల ఫ్లష్‌లను పోల్చి ఒక ప్రయోగం చేసింది. దిగుబడిలో, మత్తునిచ్చే టీహెచ్‌సీలో, సువాసననిచ్చే టెర్పీన్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రుచి చూసినవారు కడగనిదాని వైపే కొంత మొగ్గారు. ఆఖరి రోజు దాకా ఎరువు వేయండని చెప్పడం ఎరువు అమ్మేవారికి లాభమే కాబట్టి ఆ ఫలితాన్ని కొంత అనుమానంతోనే చదివాను; కాని నా సీసాలు చెప్పినదీ అదే.

గొంతు గీరడానికి అసలు కారణం నాకు దొరికింది ఆరబెట్టడంలోనే. మొదటి పంటను తొందరపడి హీటర్ పక్కన నాలుగు రోజుల్లో ఎండబెట్టాను. రెండు వారాలు కడిగిన పంటే అయినా పచ్చిగడ్డి వాసన వేసింది, పొగ ఘాటుగా గుచ్చింది. ఇప్పుడు కొమ్మలను చీకటి గదిలో 18 నుంచి 20 డిగ్రీల వేడిలో, 60 శాతం తేమలో పది పన్నెండు రోజులు వేలాడదీసి, కొమ్మ వంచితే టప్పుమని విరిగినప్పుడు సీసాల్లోకి ఎక్కిస్తాను. మొదటి రెండు వారాలు రోజూ మూత తీసి గాలి మార్చి, ఆపైన నెల రోజులు మాగనిస్తాను. శీతాకాలంలో ఇక్కడి ఇళ్ళలో గాలి మరీ పొడిగా ఉంటుంది కనుక ఆ గదికి తేమ అందించే యంత్రం పెట్టక తప్పదు. ఫ్లషింగ్ ద్రావణానికి పెట్టిన డబ్బు దానికే పెట్టి ఉండవలసింది.

ఫ్లష్‌ను పూర్తిగా మానేశానా అంటే, కోతకు ముందు మానేశాను. పంట మధ్యలో అవసరం పడితే మాత్రం చేస్తాను. ఆరో పంటలో ఎరువు ఎక్కువై పారే నీటి ఈసీ 4 దాటి ఆకుల కొసలు మాడినప్పుడు, తేలికపాటి ఎరువు కలిపిన నీళ్ళతో కుండీని బాగా కడిగితే మొక్క వారంలో తేరుకొంది. అది వైద్యం లాంటిది, వేరు బాగు కోసం చేసేది. ఇక చివరి రెండు వారాల్లో ఎరువును సగానికి తగ్గించి, అందులోనూ నత్రజనిని ఎక్కువగా కోస్తున్నాను. ఆఖరి రోజుల్లో మొక్కకు అంత అక్కరలేదు, డబ్బూ మిగులుతుంది. ఇక్కడి కాలువల్లో పారే భాస్వరమంతా చివరికి ఈరీ సరస్సుకే చేరుతుంది. 2014లో ఆ సరస్సులో భాస్వరం మీద పెరిగిన నాచు విషం వల్ల అమెరికా వైపు ఉన్న టొలీడో నగరంలో కుళాయి నీళ్ళు తాగవద్దని ప్రకటించవలసి వచ్చింది. నాలుగు కుండీల వాటా ఎంతని ఎవరైనా అడగవచ్చు గాని, 180 లీటర్ల ఎరువు నీటిని బకెట్లతో మోసి పారబోసినవాడికి ఆ ఊహ రాకుండా ఉండదు.